ఉల్లి కుళ్లకుండా ఉండాలంటే

ఉల్లిపాయలు నిల్వ ఉంటాయా లేదా అన్నది సగం కొనేటప్పుడే తేలిపోతుంది. కర్నూలు వైపు నుంచి వచ్చే వానాకాలం పంటలో నీటిశాతం ఎక్కువ, ఎన్నో రోజులు ఆగదు. వారానికి సరిపడా కొంటే చాలు. ఏప్రిల్, మే నెలల్లో తవ్వి బాగా ఆరబెట్టిన రబీ ఉల్లి అయితే నెలల తరబడి నిలుస్తుంది. మెడ సన్నగా ఎండి, పైపొర గలగలలాడే గట్టి పాయలు ఏరుకోండి.

ఇంటికి తేగానే ప్లాస్టిక్ కవర్లోంచి తీసేయండి. గాలి ఆడకపోతే చెమ్మ పట్టి కుళ్లుతాయి. వెదురు బుట్టలోనో, వల సంచిలోనో వేసి, ఎండ పడని, గాలి తగిలే చోట పెట్టండి. పొయ్యి పక్కన, సింకు కింద వద్దు. బంగాళాదుంపలతో కలపకండి, వాటి చెమ్మకు ఉల్లి త్వరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లో కోసిన ముక్కలే పెట్టాలి, అదీ మూత ఉన్న డబ్బాలో. రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

వారానికోసారి బుట్ట కుమ్మరించి చూడండి. మెత్తబడినది ఒక్కటున్నా పక్కవాటికి కుళ్లు అంటిస్తుంది. మొలకెత్తినవి గట్టిగా ఉంటే ముందు వాటినే కూరలో వేయండి. నల్లబూజు పైపొరకే ఉంటే ఒలిచి, కడిగి వాడుకోవచ్చు. లోపలిదాకా పాకితే మాత్రం పారేయండి.