ఇంటి సర్వరుకు బయటి నుంచి దారి

మీ ఇంటి కంప్యూటరులో ఒక వెబ్ సర్వరు నడుపుతున్నారనుకుందాం. ఇంట్లోని ఫోనులో ఆ పేజీ తెరుచుకుంటుంది. వేరే ఊళ్లో ఉన్న మిత్రుడికి తెరుచుకోదు. కారణమేమిటి?

ఐపీ నాలుగో వెర్షను చిరునామా 32 బిట్లది. అంటే మొత్తం సుమారు 430 కోట్ల చిరునామాలే. అవి చాలవు కనుక 192.168తో మొదలయ్యేవాటిని, మరికొన్నింటిని లోపలి వాడకానికే కేటాయించారు. ఇంటర్నెట్‌లో అవి చెల్లవు. బయటివారికి కనిపించేది రూటరు చిరునామా ఒక్కటే. లోపలి నుంచి వెళ్లిన ప్రశ్నను రూటరు గుర్తుపెట్టుకుంటుంది. జవాబు రాగానే అడిగిన యంత్రానికి అందిస్తుంది. బయటి నుంచి కొత్తగా వచ్చిన పిలుపు ఎవరి కోసమో దానికి తెలియదు. అందుకే వదిలేస్తుంది.

కాబట్టి మనమే చెప్పాలి: 443వ పోర్టుకు వచ్చిన పిలుపును 192.168.1.10కి పంపమని. దీనినే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. సర్వరుకు ఆ లోపలి చిరునామా మారకుండా చూడాలి. తర్వాత ఇంటి వైఫై ఆపి, మొబైల్ డేటాతో పరీక్షించండి.

అప్పటికీ తెరుచుకోలేదా? రూటరుకు వచ్చిన బయటి చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, సర్వీసు సంస్థ దగ్గర మరో రూటరు అడ్డుగా ఉన్నట్టే. అక్కడ మన ఆదేశం చెల్లదు. పబ్లిక్ చిరునామా కోరాలి, లేదా ఐపీ ఆరో వెర్షను వాడాలి.

ఒక్క మాట మరువకండి. మిత్రుడి కోసం తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్టే. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము, తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో వశం చేసుకుంది. అవసరమైన పోర్టునే తెరవండి. పాస్‌వర్డు మార్చండి. పని ముగిశాక మూసేయండి.