పడవకు పేరు మార్చవచ్చునా?

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ముప్పయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. తెలుగు మాత్రం సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్నాను. వత్తులూ దీర్ఘాలూ తప్పితే నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవారైన మా పంతులుగారు ఇక్కడే ఉన్నారు, దిద్దుతారు.

మా అమ్మాయీ అల్లుడూ ఒమన్‌లో, మస్కట్ నగరంలో ఉంటున్నారు. కిందటేడు నేనూ మా ఇంటావిడా అక్కడ రెండు నెలలున్నాము. మేము వెళ్ళిన వారానికే మా అల్లుడు ఇద్దరు మిత్రులతో కలిసి ఒక పాత పడవ కొన్నాడు. అమ్మినది ముత్రా వైపు పెద్దాయన. పడవ ముక్కు మీద అరబ్బీ అక్షరాలలో ఆయన తల్లి పేరు ఉంది.

“మామయ్యగారూ, దీనికి మీ తాతగారి పేరు పెడదామండీ” అన్నాడు అల్లుడు. నాకు సంతోషమే. కాని ఆ మిత్రుల్లో ఒకరు, ఓడల్లో పనిచేసిన ఆంగ్లేయుడు, ఒప్పుకోలేదు. పడవల పేర్లన్నీ సముద్రుడి దగ్గర ఒక చిట్టాలో ఉంటాయట. చెప్పకుండా మారిస్తే ఆయనకు కోపం వస్తుందట. పాత పేరున్న కాగితం ముక్క కూడా పడవలో మిగలకూడదట. అది చెరిగిపోయేదాకా కొత్త పేరున్న వస్తువేదీ ఎక్కించకూడదట. ఆ తరువాత సముద్రానికి మద్యం ధార పోయాలి.

“పెళ్ళిపీటల మీద నా పేరే మార్చేశారు. నేను మునిగానా?” అంది మా ఇంటావిడ.

నవ్వుకున్నాము గాని, ఆ భయం వెనుక కొంత లోకానుభవం ఉంది. అప్పులవాళ్ళకు చిక్కకుండా ఓడ పేరు మార్చిన ఘనులు పూర్వం ఉండేవారు. అందుకే బ్రిటిష్ చట్టం అనుమతి లేకుండా ఓడ పేరు మార్చరాదంది. ఇప్పుడు పెద్ద ఓడలకు ఏడంకెల సంఖ్య ఒకటి ఇస్తారు. 1987లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పెట్టిన పద్ధతి అది. పేరు మారినా, యజమాని మారినా, జెండా మారినా ఆ అంకె మారదు. లెక్కల మేష్టారిని గదా, నాకది నచ్చింది.

ఒమన్ వారికైతే ఈ భయం ఉన్నట్టు తోచదు. సుల్తాను సయ్యద్ సయీద్ 1826లో బొంబాయిలో కట్టించుకున్న యుద్ధనౌక పేరు ‘లివర్‌పూల్’. 1836లో దానిని ఇంగ్లండు రాజు నాలుగవ విలియంకు కానుకగా ఇచ్చారు. ఇంగ్లీషు పేరున్న ఓడ ఇంగ్లీషువారికి చేరగానే, ఇచ్చిన వారి గౌరవార్థం దాని పేరు ‘ఇమామ్’ అయింది! మన కాలంలో ‘షబాబ్ ఒమన్’ ఉంది. అది 1971లో స్కాట్లండులో పుట్టిన తెరచాప ఓడ. దక్షిణ ధ్రువయాత్రికుడు కెప్టెన్ స్కాట్ పేరు దానికి పెట్టారు. ఒమన్ దానిని 1977లో కొన్నది. 1979 నుండి ‘ఒమన్ యువత’ అనే అర్థం వచ్చే ఈ అరబ్బీ పేరు. ఆ పేరుతో 1986లో న్యూయార్క్ కూడా వెళ్ళి వచ్చింది. 2014లో కొత్త ఓడ వచ్చినప్పుడు దానికి ‘షబాబ్ ఒమన్ 2’ అని పెట్టారంటే, మార్చిన పేరే ముద్దయిందన్నమాట. అంత దూరమెందుకు, మలయా ఆంధ్ర సంఘంగా 1955లో పుట్టిన మన సంఘం మలేషియా తెలుగు సంఘం కాలేదూ?

మా ఇంట్లో అసలు చిక్కు వేరే చోట వచ్చింది. మా తాత పేరు ఏది?

తాత శ్రీకాకుళం వైపు నుంచి బాగన్ దాతో కొబ్బరితోటకు కూలీగా వచ్చాడు. ఎస్టేటు గుమాస్తా చిట్టాలో ‘అప్పసామి’ అని రాసుకున్నాడు. బర్మాలో మనవాళ్ళనందరినీ కోరంగి రేవు పేరుతో కోరంగీలన్నారు గదా, మనల్ని ఏమని పిలవాలో చాలాసార్లు ఇతరులే తేల్చారు. నాన్నమ్మ భర్త పేరు ఏనాడూ ఉచ్చరించలేదు. మా నాన్నకూ అప్పసామి అనే తెలుసు. శ్మశానంలో రాతి మీదా అదే చెక్కారు. సాయంకాలపు తరగతుల్లో చేరిన రెండవ ఏట, పెట్టెలో ఉన్న పాత ఉత్తరం ఒకటి కూడబలుక్కుని చదివాను. తాతకు ఆయన అన్న రాసినది. “చిరంజీవి అప్పలస్వామికి” అని ఉంది. నా యాభై ఆరవ ఏట మా తాత పేరు నాకు తెలిసింది.

కనుక పడవ మీద అప్పలస్వామి అనే ఉండాలని పట్టుబట్టాను. మా అమ్మాయి అడ్డుపడింది.

“ముత్తాత నలభై ఏళ్ళు అప్పసామి అంటేనే పలికాడు. ఆ పేరుతోనే జీతం తీసుకున్నాడు, తాతయ్యను చదివించాడు. అది తప్పుపేరని చెరిపేస్తే ఆ నలభై ఏళ్ళూ ఎవరివి నాన్నా?”

నాకు జవాబు తోచలేదు. రెండు రోజులు మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు కూడా.

మూడవనాడు పడవ అమ్మిన పెద్దాయనను పిలిచి, మీ అమ్మగారి పేరు తీయడానికి అనుమతి ఇవ్వండని అడిగాము. ఆయన బిస్మిల్లా అని, తన చేతులతోనే ఆ రంగు గీకి తీశాడు. రాలిన పెచ్చులు ఏరి రుమాలులో మూట కట్టుకున్నాడు. ఎవరమూ మాట్లాడలేదు. తరువాత మా ఇంటావిడ పడవ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది. మద్యం ధార మాత్రం పోయలేదు. ఆ ఆంగ్లేయ మిత్రుడు కొబ్బరినీళ్ళతో సరిపెట్టుకున్నాడు.

కాగితాల మీద ఒక్క పేరే ఉండాలన్నారు. అప్పసామి అని రాయించాము. అమ్మాయి గెలిచింది. లోపల, చుక్కాని పక్కన, తెలుగులో అప్పలస్వామి అని నేనే కుంచె పట్టి రాశాను. రాస్తుండగా అల వచ్చి పడవ ఊగింది. ‘స్వా’ కింద వత్తు వంకరపోయింది. తుడిచి మళ్ళీ రాయమన్నాడు అల్లుడు. వద్దన్నాను.