సంతకం పెట్టే ముందు మాట అడుగుదాం

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం ప్రతినిధి చేసిన ప్రసంగం)

 

రోజువారీ ఇంగ్లీషు మాటలు నేర్చుకునే సంగతి మీద నన్ను మాట్లాడమన్నారు. నేను టీచరమ్మను కాదు. ఏడో తరగతితో బడి మానేసినాను. చంద్రగిరి పక్క పల్లెలో చిల్లర అంగడి పెట్టుకుని ఉండాను. మా గ్రూపులో రెండో లీడరును. ఇంగ్లీషు రాక నేను దెబ్బ తినలేదు. వచ్చుననుకుని తిన్నాను. ఆ సంగతే చెప్తాను.

ముందు ఒక లెక్క చూద్దాం. ఈ పొద్దు లేచినప్పటి నుంచి మనం ఎన్ని ఇంగ్లీషు మాటలు మాట్లాడినామో గుర్తు చేసుకోండి. స్విచ్చి వేసినాము. గ్యాస్ వెలిగించినాము. పిల్లోళ్లకు బాక్సు కట్టినాము. సెల్లు చార్జింగు పెట్టినాము. బస్సులో టికెట్ తీసుకుని మీటింగుకు వచ్చినాము. ఇవి ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అవసరం నేర్పింది.

తిరుపతిలో పూలు, తులసి మాలలు అమ్మే మన ఆడోళ్లను చూడండి. అరవం వాళ్లు 'ఎవ్వళవు' అన్నా, కన్నడం వాళ్లు 'ఎష్టు' అన్నా, హిందీ వాళ్లు 'కిత్నా' అన్నా టక్కున ధర చెప్తారు. చిత్తూరు, పలమనేరు, కుప్పం పక్కకు పోతే ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, సంతలో కన్నడం. మూడు భాషలతో బతికేవాళ్లకు నాలుగోది ఒక లెక్కా? కాబట్టి 'మాకు రాదులే' అనే మాట వదిలిపెడదాం.

అయితే ఒక చిక్కు ఉండాది. మన నోట్లో ఆడే మాటకు, కాగితం మీద ఉండే మాటకు అర్థం ఎప్పుడూ ఒకటే కాదు.

ఎనిమిదేండ్ల కిందట మా మరిది సామాన్లు తోలే ఆటో కొనేదానికి ఒక ఫైనాన్సులో లోను తీసుకున్నాడు. ఆ ఫైనాన్సు మనిషి ఇంటికి వచ్చి, 'అక్కా, నీ సంతకం ఒకటి కావాల, ఊరికే సాక్షికి' అన్నాడు. కాగితమంతా ఇంగ్లీషు. నా పేరు పక్కన ఉన్న మాటను కూడబలుక్కుని చదివినాను. గ్యారంటర్. చదవగలిగినాను కదా అని సంతోషం కూడా పడినాను. గ్యారంటీ అంటే మనకు తెలిసిన మాటే. చీరలమ్మే ఆయన 'రంగు పోదు, గ్యారంటీ' అంటాడు. మా మరిది మంచోడని నేను చెప్తా ఉండాను, అంతే కదా అనుకున్నాను. మూడు చోట్ల గుండ్రంగా సంతకం పెట్టినాను.

ఏడాది తిరక్కముందే తోతాపురి ధర పడిపోయింది. కాయలు తోలే బాడుగలు తగ్గినాయి. మరిది కంతులు కట్టలేకపోయినాడు. ఒకరోజు ఇద్దరు మనుషులు వచ్చి నా అంగడి ముందర నిలబడినారు. 'నువ్వు గ్యారంటర్‌వి, నువ్వే కట్టాల' అన్నారు. 'నేను సాక్షిని మాత్రమే కదప్పా' అంటే నా సంతకమే నాకు చూపించినారు. సామాన్లకు వచ్చినోళ్లందరూ వింటా ఉండారు. నా గాజులు కుదువ పెట్టి కట్టినాను.

నెల రోజులు గ్రూపు మీటింగుకు పోలేదు. అందరి లెక్కలు చూసే దానికి తన సంతకం అర్థమే తెలియదా అని నవ్వుతారేమో అని సిగ్గు. చివరికి మా గ్రూపు వాళ్లే ఇంటికి వచ్చినారు. ఎవరూ నవ్వలేదు. గ్రూపులో అప్పు ఇచ్చి గాజులు విడిపించినారు. ఆ అప్పు తీర్చేదానికి రెండేండ్లు పట్టింది. మరిది ఇంటితో మళ్లీ మాటలు కలిసేదానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

తర్వాత తెలుసుకున్నాను. సాక్షిని కాగితంలో విట్నెస్ అంటారు. సంతకం తన కళ్లముందర జరిగిందని చెప్పేదే సాక్షి పని. గ్యారంటర్ అంటే అప్పు తీసుకున్నవాళ్లు కట్టకపోతే తాను కట్టేవాడు, జామీను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరే షరతు రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాళ్లకు ఎంత బాధ్యతో జామీనుకూ అంతే. మన గ్రూపు లోనుకు కూడా అందరం కలిసి బాధ్యత పడతాము. అది తెలిసి పడతాము, ఒకరినొకరు చూసుకుంటాము. తెలియకుండా పడేదే ప్రమాదం.

ఇట్లాంటి మాటలు ఇంకా ఉండాయి. బ్యాలెన్స్ అంటే మనకు మిగిలిన డబ్బు. లోను కాగితంలో 'అవుట్‌స్టాండింగ్ బ్యాలెన్స్' అంటే మనం ఇంకా కట్టాల్సిన అప్పు. ఇంట్రెస్ట్ అంటే ఇష్టం అనుకుంటాము, బ్యాంకులో వడ్డీ. సెల్లుకు మెసేజి వస్తే 'క్రెడిట్' అంటే ఖాతాలో పడింది, 'డెబిట్' అంటే పోయింది. 'శాంక్షన్' అంటే లోను మంజూరైంది అని మాత్రమే, డబ్బు చేతికి వచ్చిందని కాదు. పాజిటివ్ అంటే మంచి మాట అనుకుంటాము. ఆసుపత్రిలో ఒక జబ్బుకు పరీక్ష చేసి 'పాజిటివ్' అని రాసినారంటే ఆ జబ్బు ఉన్నట్టు కనిపించిందని. అక్కడ 'నెగటివ్' అంటేనే ఊపిరి పీల్చుకోవాల.

వడ్డీలో 'ఫ్లాట్' అనే చిన్న మాట ఒకటి ఉండాది. పదివేలు అప్పు, ఏడాదికి 12 శాతం, నెలనెలా కంతులు అనుకుందాం. ఫ్లాట్ అయితే వడ్డీ 1,200 రూపాయలు. 'రెడ్యూసింగ్' అయితే, కట్టేకొద్దీ తగ్గే అసలు మీదనే వడ్డీ కాబట్టి, ఇంచుమించు 660 రూపాయలే. శాతం ఒకటే. ఒక్క మాటకు తేడా ఐదు వందల పైన.

ఊరగాయలు చేసి అమ్మే అక్కయ్యలకు సీసా మీద మాటలు కావాల. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యం బాగుంటాయని. 'ఎక్స్‌పైరీ' అంటే ఆ తేదీ దాటితే వాడకూడదని. సెల్లు వాడే వాళ్లకు ఇంకొక మాట. మనకు డబ్బు వచ్చేదానికి పిన్ కొట్టే పని లేదు. 'పే' అని ఉన్న చోట పిన్ కొడితే మన డబ్బే పోతుంది. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

అడిగితే తిడతారేమో అని భయపడొద్దు. అడిగేది మన హక్కు. రిజర్వు బ్యాంకు 2024లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి బ్యాంకులు గానీ ఫైనాన్సు కంపెనీలు గానీ మనుషులకు కొత్తగా ఇచ్చే లోన్లకు 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాల. వడ్డీ ఎంత, ఖర్చులు ఎంత, అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుంది అనేది అందులో ఉంటుంది. అది అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాల, వివరించి చెప్పాల. కాబట్టి 'తెలుగులో ఇవ్వండి సార్' అని అడిగేదానికి సిగ్గు పడే పని లేదు.

పెద్దోళ్లకు గుర్తుంటుంది. మన పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు రాత్రి బడిలో సారా మీద పాఠం చదివినారు. చదివి ఊరుకోలేదు, తమ ఊర్లో సారా ఆపించినారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ నెల్లూరు ఆడోళ్లే రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకుని పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. పాఠంలోని మాటను తమ ఇంటి సంగతితో కలిపి అర్థం చేసుకున్నారు కాబట్టి అది జరిగింది. మనం వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నాము. ఆ సంతకం దేనికి పెడతా ఉండామో తెలుసుకునే పని మిగిలి ఉండాది.

మా గ్రూపులో ఏం చేస్తా ఉండామో చెప్తాను. పొదుపు, అప్పుల లెక్కలు అయినాక పది నిమిషాలు మాటలకు పెట్టుకున్నాము. ప్రతి ఒక్కరూ ఇంటికి వచ్చిన కాగితంలోనో, మందు చీటీలోనో, సెల్లు మెసేజిలోనో ఉన్న ఒక మాట తేవాల. కాలేజీకి పోయే మా పిల్లోళ్లు అర్థం చెప్తారు. బ్యాంకు మాట అయితే బ్యాంకులోనే అడిగి వస్తాము. ఒక నోటు పుస్తకంలో మాట, అర్థం తెలుగులో రాసుకుంటాము. దాంతోపాటు ఈ ఐదు వాక్యాలు అందరం పలికి నేర్చుకున్నాము.

'ప్లీజ్ స్పీక్ స్లోలీ.' కొంచెం నిదానంగా చెప్పండి.

'ఐ డోంట్ అండర్‌స్టాండ్. తెలుగు ప్లీజ్.' నాకు అర్థం కాలేదు, తెలుగులో చెప్పండి.

'ప్లీజ్ రైట్ ఇట్ డౌన్.' అది రాసి ఇవ్వండి.

'ఐ వాంట్ ఎ కాపీ.' నాకు ఒక కాపీ కావాల.

'ఐ విల్ సైన్ టుమారో.' సంతకం రేపు పెడతాను.

ఫోన్‌లో వేరే రాష్ట్రం వాళ్లు గబగబా మాట్లాడినప్పుడు ఇవి పనికొస్తాయి. మన ఊర్లో అయితే తెలుగులోనే అడగండి. ఐదో వాక్యం మాత్రం ఏ భాషలోనైనా మర్చిపోవద్దు.

పోయిన ఏడాది మా గ్రూపులో ఒక చెల్లెలి దగ్గరికి తెలిసినాయన ఒకరు సంతకం కోసం వచ్చినాడు. 'ఇందులో నేను గ్యారంటరా, విట్నెసా?' అని అడిగింది. 'ఏదైతే ఏముందిలేమ్మా, రెండూ ఒకటే' అన్నాడు. 'ఒకటే అయితే విట్నెస్ అనే రాయండన్నా' అనింది. ఆయన కాగితం మడుచుకుని పోయినాడు. ఆ రోజు మీటింగులో అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

సమాఖ్యకు ఒక విన్నపం. లోను దరఖాస్తుల్లో, ఇన్సూరెన్సు ఫారాల్లో వచ్చే ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు ఒక పేజీలో అచ్చువేసి ప్రతి గ్రూపుకూ ఇప్పించండి. అక్కచెల్లెళ్లకు ఒక మనవి. మీ వచ్చే మీటింగుకు ఒక్కొక్కరు ఒక్క మాట తీసుకుని రండి. తెలియదని చెప్పేదానికి సిగ్గు పడొద్దు. నా సిగ్గుకు నేను రెండేండ్లు కంతులు కట్టినాను.