ఆ గొర్రెపిల్ల ఎవరిది?



క్లోనింగ్ మాట ఎత్తగానే మన సంఘాల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మనిషి దేవుని పనిని తన చేతుల్లోకి తీసుకుంటున్నాడా?" ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. అలాగని అక్కడే ఆగిపోకూడదు. ముందు అసలేం జరిగిందో తెలుసుకుందాం.

1996 జూలై 5న స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరో దగ్గరున్న రోస్లిన్ ఇనిస్టిట్యూట్‌లో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ బృందం ఆరేళ్ల గొర్రె పొదుగు కణాన్ని తీసుకుంది. మరో గొర్రె అండంలోంచి కేంద్రకాన్ని తీసేసి, దానితో ఈ కణాన్ని కలిపింది. అలా తయారైన పిండాన్ని ఇంకో గొర్రె మోసి కన్నది. కణం ఉన్నదే, అండం ఉన్నదే, గర్భం ఉన్నదే. శూన్యంలోంచి సృష్టించింది ఏమీ లేదు. అయితే 277 అండాలతో ప్రయత్నిస్తే 29 పిండాలు దక్కాయి. వాటిని 13 గొర్రెల గర్భాల్లో పెడితే పుట్టింది ఒక్క డాలీయే. ఆ ఒక్కదాని పేరే లోకానికి తెలుసు.

చర్మంగానో పేగుగానో మారిన కణం మళ్లీ మొదటికి రాదని చాలాకాలం అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని 1962లో జాన్ గర్డన్ కప్పలపై చేసిన ప్రయోగంతో కదిలించారు. తోకకప్ప పేగు కణపు కేంద్రకాన్ని అండంలో పెట్టి కప్పను పెంచగలిగారు. 2006లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనకా బృందం, అండంతో పనే లేకుండా, కేవలం నాలుగు జన్యువులతో చిట్టెలుక కణాలను మూలకణాల్లాంటి స్థితికి తెచ్చింది. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో గర్డన్, యమనకా ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మానవ పిండాలను నాశనం చేయకుండానే అలాంటి కణాలు పొందే దారి దొరికింది. ఎంతోమంది విశ్వాసుల మనసులోని బరువు ఇలా కొంత తగ్గింది.

ఇది వినగానే నీకొదేము ప్రశ్న గుర్తొస్తుంది. దీన్ని ప్రసంగంలో రుజువుగా వాడుకోవాలనీ అనిపిస్తుంది. వద్దు. మన విశ్వాసానికి ప్రయోగశాల సాక్ష్యం అక్కర్లేదు. మనం అక్కడ అడగాల్సింది న్యాయం గురించి.

నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథ మనకు తెలుసు. పేదవాడికి ఉన్నది ఒక్కటే గొర్రెపిల్ల. అతని ముద్దలోనే తిని, అతని ఒడిలోనే పడుకునేది. మందలున్న ధనవంతుడు ఇంటికి వచ్చిన అతిథి కోసం దాన్నే పట్టుకుపోయాడు. క్లోనింగ్ విషయంలోనూ మనం అడగాల్సిన ప్రశ్న అదే: ఆ గొర్రెపిల్ల ఎవరిది?

మన దేశంలోనే చూద్దాం. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన మొదటి క్లోన్ గేదె దూడ కొద్ది రోజులకే చనిపోయింది. జూన్‌లో పుట్టిన గరిమ రెండేళ్లు దాటి బ్రతికింది. తర్వాత వచ్చిన గరిమ-2 పెద్దదై, 2013 జనవరిలో మహిమ అనే దూడను ఈనింది. ఇది గొప్ప విజయమే. ఈ ప్రయోగాలకు అండాలు వచ్చింది ఎక్కువగా కబేళాల్లో సేకరించిన అండాశయాల నుంచి. అక్కడ కత్తి పట్టి పనిచేసే మనిషిని మన సమాజం ఎలా చూస్తుందో వేరే చెప్పాలా?

మరో సంగతి. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో తరతరాలుగా పెంచిన పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ నెలోర్ జాతి అయ్యాయి. వాటిలో మేలైనవాటిని ఇప్పుడు క్లోన్ చేస్తున్నారు. 2023లో ఒక నెలోర్ ఆవు విలువను 40 లక్షల డాలర్లకు పైగా లెక్కగట్టారు. ఆ పశువులను ఎండకూ వానకూ కాసిన పాలేర్లలో మన ముత్తాతలు ఎంతమందో! ఆ లెక్కలో వాళ్లెక్కడ?

చట్టం కూడా ఈ ప్రశ్నతో తలపడింది. డాలీ లాంటి క్లోన్లపై రోస్లిన్ సంస్థ పేటెంట్ కోరితే, 2014లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కుదరదంది. అది ఉన్న గొర్రెకు నకలే కదా అన్నది దాని వాదన. పద్ధతికి మాత్రం అంతకుముందే పేటెంట్ దక్కింది. మన పేటెంట్ చట్టంలోని 3(జె) సెక్షన్ కూడా జంతువులపై పేటెంట్‌ను ఒప్పుకోదు. ఇది కాపాడుకోవాల్సిన గోడ.

పొలం అమ్మి, బంగారం కుదువపెట్టి బిడ్డకు మూలకణాల ఇంజెక్షన్లు చేయించే తల్లిదండ్రుల మాట కూడా చెప్పుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావి ఇంకా పరిశోధన దశలోనివే. అనుమతి పొందిన ప్రయోగాల్లో మాత్రమే వాటిని చేయాలి. ప్రయోగంలో చేరినవారి దగ్గర చికిత్స పేరుతో డబ్బు తీసుకోకూడదు. నోబెల్ పేరు చెప్పి ఆశను అమ్మేవాళ్ల దగ్గరికి మన సంఘంలోని కుటుంబం వెళ్లకముందే ఈ మాట వాళ్ల చెవిన వేయడం కాపరి పనే, యువజన సంఘం పనే.

అందుకే యౌవనస్థులారా, విజ్ఞానానికి భయపడకండి. జీవశాస్త్రం చదవండి, ప్రయోగశాలల్లోకి వెళ్లండి. వెళ్లినచోట మూడు విషయాలు అడగండి. ఈ పనిలో నొప్పి ఎవరిది? ఖర్చు ఎవరిది? లాభం ఎవరిది? ఒక్క గేదె పాలమీద బతికే ఇంటికి మేలైన దూడ అందితే, దేవునికి కృతజ్ఞతలు చెబుదాం. ఆ దూడ పెద్ద డెయిరీల గేటు దాటి బయటికి రాకపోతే, నాతానులా వెళ్లి నిలదీద్దాం. దావీదు రాజైనా నాతాను వెనకాడలేదు. మనమూ వెనకాడొద్దు.