కడపట వచ్చిన కూలివాని దేనారం

బీజాపూరు నుండి భోపాలపట్నం వెళ్లే మార్గంలో మద్దేడ్ ఉన్నది. తెలుగు, గోండి, హిందీ భాషలు అక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి. వేసవిలో ఆ ప్రాంతపు కుటుంబాలు వేకువనే అడవికి తునికాకు కోతకు బయలుదేరుతాయి. ఏబది ఆకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక ప్రమాణ బస్తా. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తాకు 5,500 రూపాయలు నిర్ణయించింది. అనగా కట్టకు అయిదున్నర రూపాయలు. ఎవరెన్ని కట్టలు తెస్తే వారికంత. ఇంతకంటె సూటియైన న్యాయం వేరొకటి తోచదు.

ఈ లెక్కకు అలవాటుపడిన వారికి మత్తయి సువార్త ఇరువదవ అధ్యాయంలోని ఉపమానం ఒకపట్టాన మింగుడుపడదు. ద్రాక్షతోట యజమాని ఒకడు రోజుకు ఒక దేనారం కూలి మాట్లాడుకొని ఉదయాన్నే కొందరిని పనిలో పెట్టాడు. ప్రొద్దెక్కిన కొలది మరికొందరిని, ఇంకొక గంటలో చీకటి పడుతుందనగా సంతవీధిలో నిలిచి ఉన్నవారిని కూడ పిలిచాడు. సాయంకాలం అందరికీ ఒక్కొక్క దేనారమే ఇప్పించాడు. పగలంతా ఎండలో మాడినవారు సణిగారు. సణగక ఎట్లుంటారు?

అయితే వారికి ఒప్పుకొన్నదానిలో ఒక్క కాసైనా తగ్గలేదు. కడపట వచ్చినవారు సోమరులూ కారు; వారిని అంతవరకు ఎవరూ పనికి పిలువలేదు. దేనారమనగా ఆనాడు కూలివాని ఒకరోజు వేతనం. మద్దేడ్ వంటి చోట జ్వరంతో లేచి ముప్పది కట్టలే తెచ్చిన స్త్రీకి లెక్కప్రకారం వచ్చేది 165 రూపాయలు. ఆ రాత్రి ఆమె ఇంటి బియ్యం ఖర్చు మాత్రం పొరుగింటికంటె తగ్గదు. కృప చూచేది ఈ రెండవ లెక్కను.

రక్షణ మానవుని అర్హతను బట్టి కలుగుతుందా, దైవకృప వలననా అన్న వివాదం అయిదవ శతాబ్దిలో పెలాజియస్, అగస్టీనుల కాలం నాటికే తీవ్రమైనది. 1517 తరువాత అది పాశ్చాత్య క్రైస్తవ సంఘాన్ని చీల్చింది. 1842లో గుంటూరులో లూథరన్ సేవ ఆరంభమైంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరనులు ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. దేవుడు మానవుని అంగీకరించేది కృప చేతనే, సత్కార్యాలు దాని ఫలాలు అన్నది అందులోని సారాంశం.

ఈ చర్చ తెలుగువారికి బొత్తిగా కొత్తది కాదు. తల్లిని తానే పట్టుకొనే కోతిపిల్ల, తల్లి నోట కరచుకొని పోయే పిల్లికూన. ఈ మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలను వైష్ణవులు తరతరాలుగా తర్కించారు. ఇక్కడ న్యాయమనగా దృష్టాంతమే అనుకోండి.

ఒక జాగ్రత్త అవసరం. తక్కువ కూలి ఇచ్చే ఆసామి ఈ ఉపమానాన్ని అడ్డుపెట్టుకోవడానికి వీలులేదు. తోట యజమాని మొదటివారికి ఒప్పుకొన్నది పూర్తిగా చెల్లిస్తూనే, కడపటివారికి తన సొమ్ము నుండి ఔదార్యం చూపాడు. కూలివారి వేతనం బిగబట్టిన ధనికులను యాకోబు పత్రిక తీవ్రంగా నిందిస్తుంది. బాకీ తీర్చకుండా పంచేది కృప కాదు, పరుల సొమ్ము.

ఉపమానంలో మొదటి కూలివారి ముఖాన యజమాని వేసిన ప్రశ్న ఒకటి మిగిలింది: తాను మంచివాడైనందుకు వారికి కన్నుకుట్టిందా అని. దానికి వారేమన్నారో, మరునాడు వేకువన ఆ తోటకు మళ్లీ వచ్చారో లేదో సువార్త చెప్పదు.