పిల్లలకు జైలు వద్దన్న గోడలు
(కీసరలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో కరువు భృతి గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకోవడం పరిపాటి. ఈ రోజు మన మనుమల వయసు పిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

అమెరికాలో వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్. 2014లో అక్కడ నిర్బంధంలో ఉన్న పిల్లలను ఆర్ట్ 180 అనే సంస్థ చిత్రకారులతోను, న్యాయవాదులతోను కలిపింది. ఆ కార్యక్రమం పేరు 'పెర్ఫార్మింగ్ స్టాటిస్టిక్స్'. పిల్లలు పోస్టర్లు వేశారు, తమ మాటలు రికార్డు చేశారు. జైలు గది నమూనాను జనం మధ్యకు తెచ్చారు. వారు తయారు చేసినవి పోలీసుల శిక్షణలోనూ ఉపయోగపడ్డాయి. మమ్మల్ని బంధించడానికి పెట్టే ఖర్చు మా చదువుకు, మా బాగుకు పెట్టండి అన్నది వారి కోరిక.

కళతో జనాన్ని కదిలించడం మనకు కొత్త కాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా వినిపించింది.

మరి మన చట్టం ఏమంటుంది? 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మగపిల్లలను 16 ఏళ్ల వరకే బాలలుగా చూసింది. 2000లో అందరికీ 18 చేశారు. 2012 ఢిల్లీ ఘోరం తరువాత 2015లో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం 16 నిండినవారు ఘోర నేరం చేశారన్న కేసుల్లో, బోర్డు పరిశీలించి, పెద్దవారిలా విచారించేందుకు పంపవచ్చు. అయినా ఏ బిడ్డనూ పోలీసు లాకప్‌లో ఉంచరాదని, నిర్బంధం చిట్టచివరి మార్గమని అదే చట్టం చెబుతోంది. మందలింపు, కౌన్సెలింగ్, సమాజసేవ, ప్రొబేషన్ వంటి దారులు చూపింది.

"తప్పు చేసినవాణ్ణి వదిలెయ్యమంటారా?" అని కొందరు అడగవచ్చు. నష్టపోయిన కుటుంబం బాధ చిన్నది కాదు. కాని ఆ పిల్లవాడు రేపు మళ్లీ మన వీధిలోకే వస్తాడు. ఎలాంటివాడై రావాలన్నది మనం ఆలోచించాలి.

మనం చేయగలిగిన పనులు రెండు. బెయిలుపై విడిచిన పిల్లవాణ్ణి ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో గాని, తగిన వ్యక్తి సంరక్షణలో గాని ఉంచే వీలు చట్టంలో ఉంది. మనలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారున్నారు. ఓపిక ఉన్నవారు జిల్లా బాలల సంరక్షణ అధికారులను కలిసి, తమ సేవలు ఎలా పనికివస్తాయో తెలుసుకోవాలి.

రెండవది, శివరాత్రికి కీసరగుట్టకు జనం వెళ్లే దారిలో, యజమాని అనుమతితో ఒక గోడను మన మనుమలకు, మనుమరాళ్లకు అప్పగిద్దాం. చట్టం చెప్పిన ఈ మాటలను వారు బొమ్మలుగా వేస్తారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి వివరాలు బయటపెట్టడం 74వ సెక్షన్ ప్రకారం నేరం. కనుక గోడ మీద ఏ పిల్లవాడి ముఖమూ ఉండరాదు, మాటే ఉండాలి.

రంగుల ఖర్చు సంఘం భరించేలా అధ్యక్షులవారు తీర్మానం ప్రవేశపెట్టవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.