బుద్ధుడు, తావో, ఒక గుమాస్తా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే 1982 నాటి నకారా తీర్పు గురించి చెప్పుకోవడం మన ఆనవాయితీ. నాకంటే బాగా చెప్పగలవారు ఇప్పటికే చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "ఏదైనా ఆధ్యాత్మికం మాట్లాడండి" అన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఆధ్యాత్మికంలో నాకింకా ప్రొబేషన్ కూడా డిక్లేర్ కాలేదు. అందుచేత ఉపన్యాసం కాకుండా, నాకు తటస్థపడిన సంగతులు మనవి చేసుకుంటాను.

మా ఇంట్లో టీవీ పక్కన బొజ్జ వేసుకుని నవ్వే బొమ్మ ఒకటుంది. లాఫింగ్ బుద్ధ. "ఇది మనం కొనకూడదట మామయ్యగారూ, ఎవరైనా బహుమతిగా ఇస్తేనే కలిసొస్తుందట" అంది మా కోడలు. "మరి ఇదెవరిచ్చారమ్మా?" అన్నాను. "మా చెల్లెలు." "మీ చెల్లెలింట్లో ఉన్నది?" "అది నేనిచ్చాను." రెండు బొమ్మలూ ఒకే షాపులో, ఒకే రోజున కొన్నారు. అకౌంట్స్ సెక్షన్లో పనిచేసినవారికి వేరే చెప్పనక్కర్లేదు, దీన్నే బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు.

తరవాత లైబ్రరీలో చూస్తే తేలిందేమిటంటే, ఆయన మన గౌతమ బుద్ధుడు కానే కాదు. పదో శతాబ్దంలో చైనాలో తిరిగిన బుడై అనే సన్యాసి. బుడై అంటే గుడ్డ సంచీ. సంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడట. రాబోయే మైత్రేయ బుద్ధుడి అవతారం ఆయనేనని తరవాతి వాళ్ళు నమ్మారు. పక్కనే గాజు గిన్నెలో పెట్టిన 'లక్కీ బాంబూ' వెదురూ కాదు, చైనాదీ కాదు, ఆఫ్రికా మొక్క. ఈ సంగతి ఇంట్లో చెప్పి చీవాట్లు తిన్నాను. మన అమరావతి శిల్పాలు లండన్ మ్యూజియం చేరాయి, మనకేమో చైనా నుంచి ప్లాస్టిక్ బొమ్మ వచ్చింది. సరే, ఆ లెక్క అలా ఉండనివ్వండి.

ఆ చైనా పుస్తకాలు తిరగేస్తుంటే నాకొక పెద్ద సంతోషం కలిగింది. తావో మతానికి ఆదిపురుషుడని చెప్పే లావోత్సే ఎవరనుకున్నారు? రికార్డ్ కీపరు! సుమారు 2,100 ఏళ్ళ క్రితం సిమా చియెన్ అనే చరిత్రకారుడు రాసిన దాని ప్రకారం ఆయన చౌ రాజుల కొలువులో రికార్డుగది చూసేవాడు. రాజ్యం పాడైపోతోందని గ్రహించి, ఉద్యోగం వదిలి పడమటి దిక్కుగా బయల్దేరాడు. సరిహద్దు కనుమ దగ్గర కాపలా అధికారి ఆపి, "వెళ్ళిపోతున్నారు కదా, మాకోసం ఏదైనా రాసిచ్చి వెళ్ళండి" అన్నాడట. అప్పుడు ఐదువేల అక్షరాల్లో ఒక పుస్తకం రాసిచ్చి వెళ్ళిపోయాడు. తరవాత ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. మన టి.ఎ. బిల్లు మీద రాసే ఆబ్జెక్షనే అంతకంటే పొడుగ్గా ఉంటుంది! అసలు అలాంటి మనిషి ఉన్నాడా అని పండితులు ఇప్పటికీ సందేహిస్తున్నారు. సర్వీసు రిజిస్టరు దొరకలేదన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. 2018 ఆగస్టులో మా ఆవిడ కాలం చేసింది. మీలో చాలామంది వచ్చి పరామర్శించారు. ఆ రోజుల్లో ఎవరొచ్చినా ఏదో ఒక వేదాంతం చెప్పేవారు. తప్పు పట్టడం లేదు, నేనూ ఇతరుల ఇళ్ళకు వెళ్ళి అదే చెప్పాను. పదకొండో రోజున మా తోడల్లుడు నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు పుస్తకాల పిచ్చి. "అన్నగారూ, చైనాలో చువాంగ్‌త్సే అని మహాజ్ఞాని ఉండేవాడు. భార్య పోతే ఆయన ఏడవలేదు. కాళ్ళు చాపుకుని కూర్చుని బేసిన్ వాయిస్తూ పాటలు పాడాడు. జ్ఞానులకు దుఃఖం ఉండదు" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. కానీ నాకు ఒళ్ళు మండింది. నలభై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి పోతే బేసిన్ వాయించేవాడు జ్ఞాని అయితే, ఆ జ్ఞానం నాకక్కర్లేదనుకున్నాను.

అయినా బుద్ధి ఊరుకోదు కదా. ఎవరో చెప్పారని బిల్లు పాస్ చేసే అలవాటు మనకు లేదు. ఒరిజినల్ చూడాలి. నిద్ర పట్టని మనిషికి పొద్దు గడవడమూ కష్టమే. సెంట్రల్ లైబ్రరీలో ఇంగ్లీషు అనువాదం దొరికింది. పద్ధెనిమిదో అధ్యాయం తీశాను. కథ ఉంది, బేసినూ ఉంది. మిత్రుడు హుయిత్సే వచ్చి, "నీతో కాపురం చేసి, పిల్లల్ని పెంచి, ముసలిదైన మనిషి పోతే ఏడవకపోతే పోయె, వాయించడం కూడానా?" అని మందలిస్తాడు. దానికి చువాంగ్‌త్సే చెప్పే జవాబు మా తోడల్లుడి కాపీలో లేదు. ఆమె పోగానే అందరిలాగే తానూ కుమిలిపోయాననే ఆయన ముందు ఒప్పుకుంటాడు. ఆ తరవాతే, ఆమె పుట్టకముందు ఏముంది, రుతువులు ఎలా మారుతున్నాయి అని ఆలోచించుకుంటూ ఏడుపు ఆపానంటాడు.

చూశారా, ఎన్‌క్లోజర్ మిస్సింగ్! ఫార్వార్డ్ చేసినవాళ్ళు కవరింగ్ లెటరు మాత్రమే పంపారు.

ఆ రోజు నుంచి నాకదే పని అయింది. బుద్ధుడి విషయంలోనూ చూశాను. ఆయన నిర్యాణానికి ముందు ఆనందుడు తలుపు పట్టుకుని ఏడుస్తుంటే పిలిపించి, దుఃఖపడవద్దంటూనే, ఇన్నాళ్ళూ చేసిన సేవను నోరారా మెచ్చుకున్నాడు. ప్రియశిష్యులు సారిపుత్రుడు, మౌద్గల్యాయనుడు పోయాక, ఈ సభ నాకు ఖాళీగా కనిపిస్తోందని భిక్షువుల ముందే అన్నాడు. తనకు శోకం లేదని కూడా అక్కడే చెప్పుకున్నాడు, అదీ నిజమే. కాని ఖాళీని ఖాళీ అన్నాడు. మా ఇంట్లో రెండో కుర్చీని చూసి అలా అన్నవారు ఎవరూ లేరు. అందరూ "ఆవిడ ఎక్కడికీ పోలేదండీ" అన్నవారే.

2019లో మా అబ్బాయి బలవంతం మీద పదిరోజుల విపశ్యన శిబిరానికి వెళ్ళాను. ఫీజు లేదు. ఉచితం అంటే మనకు అనుమానం కదా! మెలిక ఎక్కడుందా అని నియమాల కాగితం రెండుసార్లు చదివాను. భోజనానికీ బసకూ ఏమీ తీసుకోరు. కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఇష్టమైతే తరవాతి వాళ్ళకోసం ఇవ్వవచ్చు. మెలిక డబ్బులో లేదు, తెల్లవారుజామున నాలుగు గంటలకు కొట్టే గంటలో ఉంది. మాట్లాడకూడదు. పుస్తకం, పెన్ను, ఫోను అన్నీ ఒప్పగించాలి. మన జపాలూ స్తోత్రాలూ కూడా ఆ పదిరోజులు పక్కన పెట్టమన్నారు. దానికి కొంచెం గొణిగాను, కాని ఎవరితో గొణగాలి? పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి టీ, పండు. అంతే.

మొదటి మూడురోజులూ ముక్కు దగ్గర ఊపిరి ఎలా వస్తోందో, పోతోందో చూస్తూ కూర్చోవాలి. వినడానికి సులువే. తపాల్ సెక్షన్లో పనిచేసినవారికి నా అవస్థ అర్థమవుతుంది. కూర్చోగానే సంచీ విప్పినట్టు కాగితాలు వచ్చి పడేవి. 1983లో రాని ఇంక్రిమెంటు, ఒక ఆఫీసరు ఇచ్చిన మెమో, పక్కింటివాళ్ళు మా వైపు జరిపిన గోడ. ఇక్కడ పిల్లలున్నారు కనుక చెబుతాను: మా ఆఫీసుల్లో ఎల్.డిస్. అంటే ఏడాదికి చింపేసే కాగితం, ఆర్.డిస్. అంటే శాశ్వతంగా దాచేది. నా తలలో ఎల్.డిస్. వేయవలసినవన్నీ ఆర్.డిస్. వేసుకుని కూర్చున్నానని అప్పుడు తెలిసింది. నేల మీద కూర్చుంటానని బింకానికి పోయి, మూడోరోజు కుర్చీ అడిగి తీసుకున్నాను.

ఆ రాత్రి వీడియో ప్రసంగంలో చెప్పే గోయెంకాగారి గురించి మీకు తెలిసే ఉంటుంది. బర్మాలో వ్యాపారి. 1955లో తీవ్రమైన తలనొప్పి తగ్గుతుందని గురువు దగ్గరికి వెళితే, ఒంటి జబ్బు కోసమైతే రావద్దని ఆ గురువే తిప్పి పంపబోయాడట. ఆ గురువు ఎవరు? ఊ బా ఖిన్. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో చిన్న గుమాస్తాగా చేరి, పరీక్షలు పాసై, బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948 జనవరి 4న అకౌంటెంట్ జనరల్ అయినవాడు! ఆఫీసులోనే సిబ్బందికి ధ్యానం నేర్పాడు. జీవితమంతా ఆడిట్ చేసిన మనిషి చెప్పిన పద్ధతి కనుక లెక్క కొంత సరిగ్గా ఉంటుందని నాకు ధైర్యం వచ్చింది. మనవాడన్న అభిమానం కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి.

ఆరోరోజు మధ్యాహ్నం. గంటసేపు కదలకుండా కూర్చోమన్నారు. తల నుంచి పాదం దాకా ఎక్కడ ఏమనిపిస్తోందో చూసుకుంటూ పోవాలి. ఉన్నట్టుండి నాకు మా వంటింటి అలమర తలుపు కనిపించింది. లోపలి వైపు మా ఆవిడ పెన్సిల్‌తో రాసిపెట్టిన అక్షరాలు. గ్యాస్ బుకింగు నంబరు, పాలవాడి లెక్క, నా బి.పి. మాత్ర పేరు, డికాక్షన్‌కి ఎన్ని చెంచాల పొడి. ఆ రాతలు చాలాసార్లు చూసినవే. ఎప్పుడు రాసిందన్నది మాత్రం ఆలోచించలేదు.

డాక్టరుగారు గది బయటికి పిలిచి నాకూ మా అబ్బాయికీ అసలు సంగతి చెప్పారు. ఆమెకు మాత్రం "అల్సర్, మందులతో తగ్గిపోతుంది" అని చెప్పాను. ఆర్నెల్లూ ఆ మాట మీదే నిలబడ్డాను. ఆమె ఎన్నడూ ఎదురడగలేదు. నమ్మిందనుకున్నాను. తగ్గిపోతుందని నమ్మిన మనిషి మొగుడికి డికాక్షన్ కొలత తలుపు మీద ఎందుకు రాస్తుంది? ఒకే ఫైలు, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

హాల్లో వందమంది మధ్య ఏడ్చాను. శబ్దం రాకుండా ఏడవాలని చూశాను, కుదరలేదు. మర్నాడు ఆచార్యులవారికి చెబితే "గమనించండి" అన్నారు. ఇంత చెబితే ఒక్క మాటా! ఆఫీసరు "నోటెడ్" అని పొట్టి సంతకం పెట్టినట్టు అనిపించింది. అయితే ఆయన ఓదార్చకపోవడమే మేలయింది. గొంతు బిగిసింది, రొమ్ము మీద బరువు పెట్టినట్టయింది, కళ్ళు మండాయి. ఇరవై నిమిషాలో ఎంతో ఉండి, సడలింది. దానికీ ఒక చివర ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఎందుకంటే చివరిదాకా ఎన్నడూ కూర్చోలేదు, లేచి టీవీ పెట్టేవాణ్ణి.

ఇది ధ్యానమహిమా, లేక పదిరోజులు ఎవరూ వేదాంతం చెప్పకపోవడమా అని మీరడిగితే, రెండో ఖాతాకు కూడా కొంత జమ వేయక తప్పదు. జ్ఞానోదయం ఏమీ కాలేదు. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నిద్ర మాత్రం నాలుగైదు గంటలు పడుతోంది. ఉదయం అరగంట కూర్చుంటాను, అందులో పావుగంట తపాలే.

నచ్చనివీ ఉన్నాయి. పూర్వజన్మలు, లోకాలు అంటే నేను సంతకం పెట్టను. అందుకు బుద్ధుడే నాకు జి.ఓ. ఇచ్చాడు. కేసపుత్త గ్రామంలో కాలాములతో, పరంపరగా వచ్చిందనీ, గ్రంథంలో ఉందనీ, మా గురువుగారన్నారనీ ఒప్పుకోవద్దన్నాడు. అయితే ఇక్కడా ఒక ఎన్‌క్లోజర్ పోగొట్టారు. నీకు తోచింది నమ్మమని ఆయన అనలేదు. ఆచరిస్తే మేలో కీడో స్వయంగా తెలుసుకోమన్నాడు, వివేకులు ఏమంటారో కూడా చూడమన్నాడు.

అనాత్మ సంగతి ఇంకా తమాషా. 'నేను' అని పట్టుకోవడానికి ఏమీ లేదంటాడు బుద్ధుడు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ దగ్గర వేలు పెడితే, గీతలు అరిగిపోయి ఆ మిషనూ అదే మాటంటుంది. ట్రెజరీవాళ్ళు మాత్రం ఒప్పుకోరు.

ఒక్క హెచ్చరిక. ధ్యానం చేస్తున్నామని మాత్రలు మానకండి. మానసికంగా బాగా కుంగినవారు డాక్టరును అడగకుండా ఇలాంటి శిబిరాలకు వెళ్ళవద్దు, దరఖాస్తులో వాళ్ళే ఆ ప్రశ్న అడుగుతారు. మొన్నామధ్య ఒక ఫంక్షన్ హాల్లో 'తావో శక్తి' కంకణం మూడువేలకు అమ్మారు. బిల్లు అడిగాను, లేదన్నారు. చావు రాకూడదని పాదరసం కలిపిన మందులు మింగి, చైనా చక్రవర్తులే కొందరు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. వాళ్ళకు లేని ఆయుష్షు మూడువేల కంకణంతో మనకెలా వస్తుంది?

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, అవతల సాంబారు వాసన వస్తోంది. మా తోడల్లుడు కూడా సభలో ఉన్నాడు. లైబ్రరీ పుస్తకంలోని ఆ పేజీ జిరాక్స్ తీసి ఆయనకు అందజేశాను. అక్నాలెడ్జ్‌మెంటు ఇంకా రాలేదు. మా ఇంట్లో ఇత్తడి బేసిన్ ఒకటి అటక మీద ఉంది, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మొన్న సంక్రాంతికి దించి చింతపండుతో తోమాను. వాయించలేదు.